ఖాళీ కుర్చీ ఖరీదు

న్యూయార్క్ చూడటానికి వచ్చిన మనవాళ్ళెవరూ టైమ్స్ స్క్వేర్‌లో ఆ ఎర్ర మెట్ల మీద కూర్చుని ఫోటో దిగకుండా వెళ్ళరు. గాజు మెట్లు, మొత్తం 27. చీకటి పడితే లోపలి నుంచి ఎర్రగా వెలుగుతుంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలైనా, ఆఫీసు పని మీద వచ్చిన స్నేహితుడైనా, ఆ ఫోటో ఒకటి వాట్సాప్‌లో చేరాల్సిందే. అయితే ఆ మెట్లు ఒక టికెట్ల కొట్టుకి పైకప్పు అన్న సంగతి చాలామంది గమనించరు. ఆ కొట్టు పేరు టి.కె.టి.ఎస్. దాన్ని నడిపేది థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ. ఈసారి ఆ కొట్టు గురించీ, న్యూయార్క్‌లో అలాంటివే ఇంకొన్ని ఏర్పాట్ల గురించీ చెప్పి, మన తెలుగు సంఘాల దగ్గరికి వస్తాను.

సాయంత్రం చీకటి పడేవేళకి మార్కెట్లో తోటకూర కట్టల ధర ఎలా పడిపోతుందో మనందరికీ తెలుసు. తెల్లారితే అది వాడిపోతుంది. నాటకం టికెట్టు పరిస్థితి తోటకూర కన్నా అన్యాయం. ఎనిమిదింటికి తెర లేచిందంటే, అమ్ముడుపోని కుర్చీ విలువ సున్నా. ఈ కొట్టు 1973లో పెట్టారు. ఆ రోజు ఆటకి మిగిలిన టికెట్లని సగం ధర దాకా తగ్గించి అదే రోజు అమ్మేయడం దాని పని. నిర్మాతకి సున్నా బదులు ఎంతో కొంత వస్తుంది, నటుడికి నిండిన హాలు కనిపిస్తుంది, జేబులో డబ్బు తక్కువున్న మనిషి కూడా నాటకం చూస్తాడు. టికెట్టు మీద వేసే కొద్దిపాటి రుసుము ఆ సంస్థ చేసే మిగతా పనులకి ఉపయోగపడుతుంది.

సంస్థ పుట్టింది అంతకు ఐదేళ్ళ ముందు, 1968లో. విద్యార్థులు, టీచర్లు, రిటైరైనవాళ్ళు, సేవాసంస్థల్లో పనిచేసేవాళ్ళు కొద్ది రుసుముతో సభ్యులుగా చేరి తక్కువ ధరకి నాటకాలు చూడొచ్చు. అంతవరకూ బాగానే ఉంది గానీ, ధర తగ్గిస్తే సరిపోదని వాళ్ళకి త్వరలోనే అర్థమైనట్టుంది. బ్రాంక్స్‌లో ఉండే పదహారేళ్ళ కుర్రాడికి బ్రాడ్వే ఒక రైలు దూరం. అయినా అది తనకోసం ఉన్న చోటు అని అతనికి ఎవరూ చెప్పలేదు. 1998లో నాటకకర్త వెండీ వాసర్‌స్టీన్ ఈ సంస్థతో కలిసి ఒక పని మొదలుపెట్టారు. పులిట్జర్ బహుమతి అందుకున్న రచయిత్రి ఆవిడ. కొద్దిమంది హైస్కూలు పిల్లల్ని తనే వెంటబెట్టుకుని ఏడాది పొడుగునా నాటకాలకి తీసుకెళ్ళారు. నాటకం అయ్యాక అందరూ కూర్చుని పిజ్జా తింటూ, చూసినదాని గురించి మాట్లాడుకోవాలి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పాలి. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆవిడ పోయాక కూడా, నాటకరంగంలో పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక చిన్న గుంపుని చేరదీసి తీసుకెళుతున్నారు.

ఇదే సంస్థ 2011లో 'ది లయన్ కింగ్' నాటకాన్ని ఆటిజం ఉన్న పిల్లల కోసం ప్రత్యేకంగా వేయించింది. పెద్ద శబ్దాలు తగ్గించారు, కళ్ళలో పడే దీపాలు తగ్గించారు, మధ్యలో లేచి తిరిగినా ఎవరూ విసుక్కోని హాలు అది. అటువంటి పిల్లలున్న ఇల్లు మన తెలుగువాళ్ళలో ఎన్నో ఉన్నాయి. వాళ్ళు మన ఉగాది కార్యక్రమాలకి ఎందుకు రారో, వచ్చినా వెనక వరుసలో తలుపు పక్కనే ఎందుకు కూర్చుంటారో ఎప్పుడైనా ఆలోచించామా?

ప్రేక్షకుల మాట వచ్చింది కాబట్టి జోసెఫ్ పాప్ గురించి చెప్పుకోవాలి. 1950లలో ఆయన న్యూయార్క్ పార్కుల్లో షేక్స్‌పియర్ నాటకాలు ఉచితంగా ఆడించేవాడు. నగర పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్‌కి అది నచ్చలేదు. జనం తొక్కడం వల్ల గడ్డి పాడవుతోంది, ఆ ఖర్చు రాబట్టాలంటే ఒకటో రెండో డాలర్లు టికెట్టు పెట్టాలన్నాడు. పాప్ ఒప్పుకోలేదు. 1959లో గొడవ కోర్టుకెక్కింది, చివరికి పాప్ గెలిచాడు. 1962లో సెంట్రల్ పార్కులో డెలాకోర్ట్ అనే ఆరుబయలు రంగస్థలం వెలిసింది. ఇప్పటికీ అక్కడ టికెట్టు ఉచితం. వేసవిలో పొద్దున్నే దుప్పట్లు పరుచుకుని క్యూలో కూర్చునే జనాన్ని చూస్తే, మా ఊళ్ళో పద్యనాటకానికి సాయంత్రమే చాపలు వేసి చోటు పట్టుకునేవాళ్ళు గుర్తొస్తారు.

ఇదంతా చూసేవాళ్ళ సంగతి. మరి ఆడేవాళ్ళ సంగతో?

1870లో జార్జ్ హాలండ్ అనే ముసలి నటుడు చనిపోతే, ఆయన మిత్రుడు జోసెఫ్ జెఫర్సన్ అంత్యక్రియల కోసం ఒక చర్చికి వెళ్ళాడు. పోయినవాడు నటుడని తెలిశాక అక్కడి మతాధికారి కుదరదన్నాడు. సందు చివర ఇంకో చిన్న చర్చి ఉంది, వాళ్ళయితే చేస్తారేమో చూడమని పంపాడు. ఆ చిన్న చర్చి 29వ వీధిలో ఇప్పటికీ ఉంది. 'మూల మీది చిన్న చర్చి' అనే అర్థమొచ్చే పేరుతోనే పిలుస్తారు. రాత్రి చప్పట్లు కొట్టి, చచ్చిపోయాక గుమ్మంలోకి రానివ్వని లోకం అది. 1882లో నాటకరంగంవాళ్ళే పూనుకుని పెట్టుకున్న యాక్టర్స్ ఫండ్ మొదట్లో చేసిన పనుల్లో, దిక్కులేని నటులకి అంత్యక్రియలు జరిపించడం ఒకటి.

ఆ సంస్థ ఇప్పుడూ ఉంది. 2022లో పేరు ఎంటర్టైన్‌మెంట్ కమ్యూనిటీ ఫండ్ అని మార్చుకుంది. ఆ మార్పులో ఒక అర్థముంది. సాయం నటులకే పరిమితం కాదు. దీపాలు వేసే మనిషి, దుస్తులు కుట్టే మనిషి, టికెట్లు చింపే మనిషి, అందరూ అడగొచ్చు. అద్దె కట్టలేని నెలలో డబ్బు సాయం, ఆరోగ్య బీమా ఎలా తీసుకోవాలో సలహా, వేషాలు దొరకని రోజుల్లో చేసుకోదగ్గ వేరే పనికి శిక్షణ, వయసు మళ్ళినవాళ్ళకి మా న్యూజెర్సీలోనే ఎంగిల్‌వుడ్‌లో ఒక ఆశ్రయం. 2020 మార్చిలో బ్రాడ్వే మూతపడి దాదాపు ఏడాదిన్నర తెరుచుకోలేదు. అప్పుడు ఎంతమంది ఈ గుమ్మం తొక్కారో ఊహించుకోవచ్చు. గుమ్మం ముందే కట్టి ఉంది కాబట్టి తొక్కగలిగారు.

మూడోది కుర్రాళ్ళ సంగతి. రౌండబౌట్ అనే నాటక సంస్థ, రంగస్థల సాంకేతిక కార్మికుల సంఘంతో కలిసి 2016లో ఒక శిక్షణ మొదలుపెట్టింది. 18 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న న్యూయార్క్ యువతకి వడ్రంగం, దీపాలు, ధ్వని, దుస్తుల పని నేర్పి, జీతం వచ్చే చోట్ల కుదురుస్తారు. కాలేజీ డిగ్రీ అక్కర్లేదు. తెర వెనక ఉద్యోగాలు బాగా జీతం వచ్చేవే గానీ, తెలిసినవాళ్ళ పిల్లలకే అందేవి. ఆ తలుపు కాస్త తెరిచారు.

ఇవన్నీ చేసినా బ్రాడ్వే టికెట్టు చవకైపోలేదు, నటులందరికీ పని దొరికిపోలేదు. అయినా నాకు నచ్చింది ఏమిటంటే, ఆడే మనిషీ, వెనక పనిచేసే కుర్రాడూ, చూసే మనిషీ ముగ్గురూ ఉంటేనే కళ ఉంటుందని గుర్తించి, ముగ్గురికీ విడివిడిగా ఏర్పాటు చేశారు.

మనకి ఇటువంటిదేమీ లేదని అనుకోనక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో చిందు భాగోతులవాళ్ళకి ఊళ్ళ మీద మిరాశీ ఉండేది. ఏ ఊళ్ళో ఎవరు ఆడాలో, ఆ ఊళ్ళో వాళ్ళకి ఎవరు ఇవ్వాలో తరతరాల కట్టడి. అది దానం కాదు, హక్కు. కాకపోతే ఆ హక్కు కులంతో ముడిపడి ఉండేది. తిండిగింజలు దొరికేవి, సమానమైన మర్యాద దొరికేది కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలది ఇంకో పద్ధతి. అక్కడ కుటుంబమే సంస్థ. తెర లాగేవాళ్ళు, వేషం కట్టేవాళ్ళు, హార్మోనియం వాయించేవాళ్ళు అందరూ ఇంటివాళ్ళే. పసిపిల్లకి శిక్షణా అక్కడే, ముసలివాళ్ళకి పింఛనూ అక్కడే. సినిమా వచ్చి ప్రేక్షకుల్ని పట్టుకుపోయాక ఆ బరువంతా కుటుంబాల మీదే పడింది. ఊరు పంచుకోలేదు.

ఇక మన ప్రవాస సంఘాలు. నేను ఇక్కడి తెలుగు కార్యక్రమాలకి చాలా ఏళ్ళుగా వెళుతున్నాను, కొన్నిటికి కుర్చీలు కూడా సర్దాను. లెక్కలు ఎలా ఉంటాయో చూశాను. హాలు, భోజనాలు, ఇండియా నుంచి వచ్చే సినిమా గాయకుడు, ఈ మూడిటికే డబ్బు అయిపోతుంది. స్థానికంగా ఉండి ముప్పై ఏళ్ళుగా మృదంగం చెప్పే ఒక మాస్టారిని ఒక సంఘంవారు పిలిచి మూడు గంటలు వాయించుకున్నారు. చివర్లో శాలువా కప్పారు. పారితోషికం సంగతి అడిగితే, "మనవారే కదండీ మాస్టారూ!" అన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. మర్నాడు తన కారు టైర్లు మార్పించుకోవడానికి ఆ శాలువా పనికి రాలేదని నాతో అన్నారు.

ప్రేక్షకుల సంగతీ అంతే. మన పాప నాట్యం అయిపోగానే మన కుటుంబం లేచి భోజనాల వరుసలోకి వెళ్ళిపోతుంది. ఆఖరున ఆడే పిల్లకి ఎదురుగా వాళ్ళ అమ్మానాన్నలూ, ఖాళీ కుర్చీలూ. వేలకి వేలు పోసి అరంగేట్రం చేయించిన పిల్లలు కాలేజీకి వెళ్ళాక మళ్ళీ గజ్జె కట్టడం లేదని బాధపడతాం. గజ్జె కడితే చూసేదెవరు?

సినిమా గాయకుణ్ణి పిలవొద్దని నేననను. టైమ్స్ స్క్వేర్ కొట్టు కూడా పెద్ద పెద్ద నాటకాల టికెట్లు అమ్మే కదా మిగతా పనులు చేస్తోంది. ఆ రాత్రి టికెట్టుకి ఒక్క డాలరు వేరే పద్దులో వేయండి. ఎనిమిది వందలమంది వస్తే ఎనిమిది వందల డాలర్లు. దాంతో స్థానిక కళాకారులకి, ముందే కాగితం మీద రాసి, ఎంతో కొంత పారితోషికం ఇవ్వొచ్చు. హైస్కూలు పిల్లల్ని ఇద్దర్ని దీపాల దగ్గరా, సౌండు దగ్గరా తెలిసినవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, గంటకింతని ఇచ్చి నేర్పించొచ్చు. తెలుగు నాటకానికి ఇంగ్లీషు మాటలు తెర మీద వేసే పని వాళ్ళకే అప్పగించొచ్చు, ఆ వంకతో నాటకం పదిసార్లు చదువుతారు.

ఇంకొకటి. థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్‌కి పెద్ద దుస్తుల గిడ్డంగి ఉంది. బడులకీ, చిన్న సంస్థలకీ తక్కువ అద్దెకి ఇస్తారు. మన ఇళ్ళలో ఏడాదికే పొట్టివైపోయిన కూచిపూడి దుస్తులు, గుడి నగలు ఎన్ని అలమరల్లో పడున్నాయో! ఒక్క ఊరివి ఒకచోట చేరిస్తే, కొత్తగా నేర్చుకునే పిల్ల తల్లిదండ్రులకి అదొక పెద్ద భారం తగ్గినట్టే.

చివరిగా కుర్చీలు. మన సంఘాలు చాలావరకు 501 సి 3 కింద నమోదైనవి. మనం ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుంది. అంటే మనం కట్టని ఆ పన్ను భారంలో కొంత, పక్కింటి జోసెఫ్‌గారూ మోస్తున్నారు. ఆయన్ని ఎప్పుడైనా పిలిచామా? వచ్చే కార్యక్రమానికి యాభై కుర్చీలు ఊరి లైబ్రరీకీ, దగ్గర్లోని వృద్ధుల కేంద్రానికీ పంపండి. మొదట్లో పది నిమిషాలు, చూడబోయేది ఏమిటో ఎవరైనా చెప్పాలి. అయిపోయాక పావుగంట వాళ్ళతో కూర్చోవాలి. వాళ్ళు పిజ్జా పెట్టారు, మనం సమోసా పెడదాం. ఆ మృదంగం మాస్టారిని మళ్ళీ పిలవండి, ఈసారి చెక్కు ముందే రాసి ఉంచండి.