ఆరు సెంట్ల నేల రాసివ్వండి

సంక్రాంతి మూడు రోజుల కోసం మన కోనసీమలో కోడిపందేల బరులు ఎంత చకచకా లేస్తాయో అందరికీ తెలుసు. నేల చదును చేస్తారు. కంచె కడతారు. షామియానాలు వేస్తారు. రాత్రిళ్లు కూడా పందెం సాగడానికి ఫ్లడ్‌లైట్లు బిగిస్తారు. జాగాకి కొరత లేదు, డబ్బుకి కొరత లేదు, దగ్గరుండి చూసుకునే పెద్దలకి అసలే కొరత లేదు. చట్టం వద్దన్న ఆటకి దక్కే మర్యాద ఇది. అదే ఊళ్లో పదమూడేళ్ల పిల్ల బాస్కెట్‌బాల్ ఆడతానంటే జాగా లేదంటారు, నిధులు లేవంటారు, చీకటి పడిందంటారు. కాళ్లకి కత్తులు కట్టిన కోళ్లు చావడానికి దొరికిన నేల, ఆడపిల్ల ఎగిరి ఒక బంతి వేయడానికి దొరకదు. ఈ లెక్క నాకు ఎన్నేళ్లయినా మింగుడు పడదు.

నేను రాజోలు దీవిలో పెరిగాను. మా బడి ఆవరణలో ఒకే ఒక్క రింగు ఉండేది. దాని వల ఎప్పుడో ఊడిపోయింది. ఎనిమిదో తరగతిలో మేం ఐదుగురం సాయంత్రం బడి విడిచాక అక్కడే ఉండిపోయేవాళ్లం. వాన పడితే ఒండ్రుమట్టిలో బంతి లేచేది కాదు. ఆరేదాకా ఆగి మళ్లీ ఆడేవాళ్లం. తొమ్మిదిలోకి వచ్చేసరికి ఆ స్తంభం పీకేసి సైకిళ్ల షెడ్డు వేశారు. మగపిల్లల క్రికెట్ పిచ్ జోలికి ఎవరూ పోలేదు. ఎందుకు తీసేశారని అడిగితే ఒక పెద్దాయన, "ఎండలో నల్లబడిపోతారమ్మా, రేపు పెళ్లిళ్లు కావద్దా?" అన్నారు. ఆ ఐదుగురిలో ముగ్గురికి ఇంటర్ పూర్తవకుండానే పెళ్లయింది. ఆయన కోరిక తీరింది. మా ఆట తీరలేదు.

ఇప్పుడు నల్లబడటం గురించి అంత బాహాటంగా అనరు. మాట మార్చారు. "ఆడపిల్లని అంత దూరం ఎలా పంపుతామండీ?" అంటున్నారు. సరే, దూరం సంగతే మాట్లాడుకుందాం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ ఊళ్లోనైనా నాలుగిళ్లు తిరిగి చూడండి. కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దోహాలోనో ఇంటిపని చేసి డబ్బు పంపే తల్లులు కనబడతారు. భాష రాదు, తోడు లేదు, అయినా విమానం ఎక్కారు. వాళ్ల చెమటతో ఇక్కడ డాబాలు లేచాయి, అప్పులు తీరాయి, తమ్ముళ్లు చదువుకున్నారు. అప్పుడు ఏ పెద్దమనిషికీ దూరం గుర్తు రాలేదు. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న వాళ్ల కూతురు రెండు రోజుల టోర్నమెంటుకి వెళ్తానంటే మాత్రం ఊరి పరువు లేచి నిలబడుతుంది. సంపాదనకి ఎడారి దాకా పోవచ్చు గానీ, ఆటకి సఖినేటిపల్లి రేవులో పంటు దాటకూడదా? 2013 మే నెలలో అదే దోహాలో, జట్టుకి ముగ్గురేసి ఆడే 3×3 బాస్కెట్‌బాల్‌లో మన దేశపు అమ్మాయిలు ఆసియా విజేతలయ్యారు. మన తల్లులు గిన్నెలు తోమే నగరంలోనే మన దేశపు అమ్మాయిలు మెడల్ అందుకున్నారు. ఈ సంగతి మన బళ్లలో ఏ పిల్లకైనా ఎవరైనా చెప్పారా?

ఆడపిల్ల చుట్టూ గీత గీయడం మన ఒక్కరి జబ్బు కాదు. జేమ్స్ నైస్మిత్ 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆట కనిపెట్టాడు. మరుసటి ఏడాదే సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ స్మిత్ కాలేజీ అమ్మాయిల చేత ఆడించింది. మహా ధైర్యం. కానీ అమ్మాయిలు అలసిపోతారని కాలం భయపడింది కాబట్టి, కోర్టుని మూడు ముక్కలు చేసి ఎవరి ముక్కలో వాళ్లే ఉండాలన్న నిబంధనతో ఆడించాల్సి వచ్చింది. గీత దాటితే తప్పు. ఆ గీతల తరహా ఆట అయోవా రాష్ట్రంలో బడిపిల్లల మధ్య 1993 దాకా బతికింది. అంతటి మొండి గీత కూడా చివరికి చెరిగింది. ఈరోజు ఆడవాళ్లది మగవాళ్లదీ ఒకే కోర్టు, 28 మీటర్లకి 15. రింగు ఎత్తు ఇద్దరికీ పదడుగులే. మాకోసం కిందికి దించండని ఆడవాళ్లు అడగలేదు. కోర్టులోకి రానివ్వండని మాత్రమే అడిగారు.

రానివ్వడం మంచితనం మీద ఆధారపడితే ఎన్నటికీ జరగదు, చట్టం కావాలి. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడామగా తేడా చూపకూడదంది. అప్పటికి అక్కడి హైస్కూళ్లలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షల లోపు. ఇప్పుడు 30 లక్షలు దాటారు. ఆ అమ్మాయిల ఒంట్లో రక్తం మారలేదు, గేటు తెరుచుకుంది. మనకి మాత్రం చట్టం లేదా? 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, ఆట సామగ్రి ఉండాలని రాసిపెట్టింది. కాబట్టి ఇది దానం అడగడం కాదు, బాకీ అడగడం. బాకీ తీర్చాల్సిన చోట డ్రిల్లు పీరియడ్‌ని లెక్కల టీచరు తీసేసుకుంటాడు. పదో తరగతి వచ్చిందంటే ఆ పీరియడ్ టైమ్‌టేబుల్లో పేరుకే మిగులుతుంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం ఊరూరా 'ఆడుదాం ఆంధ్రా' పోటీలు పెట్టింది. అమ్మాయిలకీ విడిగా పెట్టింది, సంతోషం. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఉన్నాయి. బాస్కెట్‌బాల్ లేదు. కోర్టులు లేని ఆటని ఎవరు ఆడతారన్నారేమో. ఆడేవాళ్లు లేరని కోర్టు కట్టరు, కోర్టు లేదని ఆట పెట్టరు. ఈ చక్రంలో నలిగేది పిల్లలే.

అవకాశం అంటే మనవాళ్లకి శాలువా గుర్తొస్తుంది. ఎవరో పతకంతో దిగగానే ఊరేగింపు, ఫ్లెక్సీలు, ఫొటోలు. పతకం వచ్చాక వచ్చేవాళ్లతో నాకు పని లేదు. పతకానికి పదేళ్ల ముందు గేటు తాళం తీసిన మనిషిని చూపించండి. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. తర్వాత చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణం, ఖేల్‌రత్న అందుకున్నాడు. ఆ కుర్రాడి తండ్రి డ్రిల్లు మాస్టారు. ఇంట్లో ఒక పీఈటీ ఉంటే ఏమవుతుందో కోనసీమ కళ్లారా చూసింది. మరి ఇంట్లో పీఈటీ లేని ఆడపిల్లకి బడిలోనైనా ఉండాలా, వద్దా?

భిలాయ్ ఉక్కు నగరంలో రాజేశ్ పటేల్ అనే కోచ్ ఉండేవారు. 2018లో కన్నుమూశారు. బీద ఇళ్ల నుంచి, గిరిజన గూడేల నుంచి ఆడపిల్లల్ని ఏరి తెచ్చి, తన ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టి బాస్కెట్‌బాల్ నేర్పారు. వాళ్లు ఛత్తీస్‌గఢ్‌ని జాతీయ విజేతగా నిలిపారు, రైల్వే ఉద్యోగాలు తెచ్చుకుని ఇళ్లు నిలబెట్టారు. దేశంలో మహిళల బాస్కెట్‌బాల్‌ని దశాబ్దాలుగా రైల్వే జట్టే ఏలుతోందంటే కారణం సులువు. అక్కడ ఆటకి జీతం ఉంది. అమెరికాలో పాట్ సమిట్ 1974లో 22 ఏళ్ల వయసులో టెనెసీ విశ్వవిద్యాలయపు అమ్మాయిల జట్టుకి కోచ్ అయింది. జీతం నెలకి 250 డాలర్లు. జట్టు బట్టలు తనే ఉతికింది, వ్యాను తనే నడిపింది. 38 సీజన్లలో 1,098 మ్యాచ్‌లు, 8 జాతీయ టైటిళ్లు గెలిపించింది. ఇవన్నీ ఒకెత్తు. తన దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పుచ్చుకుని బయటికి వెళ్లడం ఒకెత్తు. అంత దూరం వద్దనుకుంటే విజయనగరం పక్కన కొండవెలగాడకి వెళ్లి చూడండి. ఆ పల్లె పిల్లలు బరువులెత్తుతారు. మత్స సంతోషి 2014 కామన్‌వెల్త్ క్రీడల్లో రజతం తెచ్చింది ఆ ఊరి నుంచే. ఒక పల్లెలో ఇనుము, ఓపికగల ఒక గురువు ఉంటే చాలు.

మన పల్లెకి ఏం కావాలో లెక్క వేశాను. 3×3 ఆటకి అర కోర్టు చాలు, 15 మీటర్లకి 11. రింగు ఒక్కటే. బెంచీ మీద ఒకరితో కలిపి జట్టుకి నలుగురు. పదకొండు మందిని పోగేయక్కర్లేదు. గీతల లోపల నాలుగు సెంట్లు, చుట్టూ జాగా వదిలితే ఆరు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు ఉన్న మండలాలు 22. మండలానికి ఒకటి చొప్పున వేసుకున్నా మొత్తం ఎకరం ముప్పై రెండు సెంట్లు. మొత్తం కోనసీమ ఆడపిల్లలకి ఎకరం ముప్పై రెండు సెంట్లు! సంక్రాంతికి ఒక్క బరి కింద, దాని పక్కన కార్లు ఆపే చోటు కింద ఇంతకంటే ఎక్కువ నేల పోతుంది.

ఆ ఆరు సెంట్ల మీద సిమెంటు పలక పొయ్యండి. వాన వెలిసిన అరగంటకి ఆరిపోతుంది, మట్టి నేలలా వారం ఆపదు. రెండు దీపాలు పెట్టండి. పక్కన తలుపు, గడియ, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి కట్టండి. నెలసరి రోజుల్లో పిల్లలు ఆట మానేసేది ఇది లేకే. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా ఆ కోర్టు ఆడపిల్లలదని బోర్డు రాసి పెట్టండి. ఆ గంటన్నరలో ఎవరి క్రికెట్టూ, ఎవరి సభా, ఎవరి పెళ్లి భోజనాలూ అక్కడ జరగకూడదు. ధాన్యం ఆరబోతకి కూడా ఆ వేళ ఇవ్వకూడదు. అక్కడ నిలబడటానికి ఒక ఆడమనిషిని, జీతం ఇచ్చి, పెట్టండి. తల్లిదండ్రుల భయం నిజమైనదే. దాన్ని నేను కొట్టిపారేయను. ఆ భయానికి మందు పిల్లని ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. వెలుతురు, మరుగుదొడ్డి, విజిల్ పట్టుకున్న ఒక మేడమ్. ఇవి మందు.

ఇక ఒకప్పుడు ఆడిన అక్కచెల్లెళ్లకి నా మాట. జోనల్ పోటీలకి వెళ్లి వచ్చి, సర్టిఫికెట్లు బీరువాలో చీరల కింద దాచుకున్నవాళ్లు అమలాపురంలో ఉన్నారు, కొత్తపేటలో ఉన్నారు, ముమ్మిడివరంలో ఉన్నారు. ఆ కాగితాలు బయటికి తియ్యండి. వారానికి రెండు సాయంత్రాలు ఒక బడికి వెళ్లండి. పాస్ ఎలా ఇవ్వాలో, పడిపోయినప్పుడు ఎలా లేవాలో నలుగురు పిల్లలకి నేర్పండి. మన స్తంభం పీకేసినప్పుడు అడ్డుపడే పెద్దమనిషి ఒక్కరూ లేరు. వీళ్లకి మనం ఉందాం.

మన కోనసీమలో ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద నేల రాసిచ్చే ఆచారం ఉంది. పెళ్లినాడు అరెకరం కొబ్బరితోట రాసిచ్చి పదిమందిలో గొప్పగా చెప్పుకుంటాం. ఆ నేల మీద ఆమె ఒక్కరోజైనా పరిగెత్తదు. కాగితం మాత్రం అత్తారింటి బీరువాలోకి చేరుతుంది. పెళ్లినాటి దాకా ఎందుకు ఆగడం? పదమూడో ఏటే, ఊళ్లో ఆడపిల్లలందరికీ ఉమ్మడిగా, ఆరు సెంట్లు రాసివ్వండి. రింగు పదడుగుల ఎత్తులోనే పెట్టండి. అందుకోవడం వాళ్లు చూసుకుంటారు.