పున్నమికి రెండు నెలలుంది, కాళ్లను ఇప్పుడే తయారు చేద్దాం



నారళి పున్నమికి మార్కండేయ స్వామి రథం తిరిగింది. ఇక ఇండ్లల్ల మాట కోజాగిరి మీదికి మళ్లుతది. "ఈసారి తుల్జాపూర్‌కు నడిచే పోతున్నరా?" అని అడగని గల్లీ షోలాపూర్‌ల ఉండదు. దారి సుమారు 45 కిలోమీటర్లు. దసరా నాడు సీమోల్లంఘనం అయినంక భవాని అమ్మ నిద్రకు పోతది, మళ్ల పున్నమికి లేస్తది. ఆ దర్శనానికే జనం రాత్రంత నడుస్తరు. నారళి పున్నమి నుంచి కోజాగిరి దాకా రెండు నెలలు. ఆ రెండు నెలల్ల ఇంటి దగ్గరనే ఏం చెయ్యాలెనో ఈ నెల రాస్తున్న.

మనవాళ్లు ఒక మాట అంటరు: "దినం పన్నెండు గంటలు సాంచాల మధ్య తిరిగేటోళ్లం, మాకు నడక నేర్పాల్నా?" నేను కూడ ముప్పై ఏండ్ల పైన మిల్లుల నిలబడ్డోన్నే, కనుక చెప్తున్న. సాంచాల కాడ నడక అంటే నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. ఎక్కువ నిలబడుడే. నిలబడితే రక్తం పిక్కల్ల నిలుస్తది, నరాలు ఉబ్బుతయి. రోడ్డు మీద అట్ల కాదు. మడమ, మోకాలు, తుంటి ఆగకుంట వేల అడుగులు మొయ్యాలె. బీడీలు చుట్టే అక్కలది ఇంకో తీరు. పొద్దంత చాట ఒళ్లో పెట్టుకొని బాసింపట్టు వేసుకొని కూసుంటరు. నడుము, మోకాళ్లు బిగుసుకుంటయి. లేచిన వెంటనే జోరుగ నడవొద్దు, మొదటి పది నిమిషాలు మెల్లగ పోవాలె.

ఇంకో లెక్క కూడ ఉన్నది. మీటరు నేస్తేనే మనకు పైసలు, వెయ్యి బీడీలు చుడితేనే మజూరి. ఒక్క రాత్రి నడిచి మూడు దినాలు గోడ పట్టుకొని తిరిగితే ఆ వారం కిరాణం ఉద్దెర తేవాలె. మొక్కు తీరిన సంతోషం ఇంట్ల చికాకు కావద్దు.

ఇగ పద్ధతి చెప్త. మొదటి రెండు వారాలు రోజుకు అరగంట చాలు. సిద్ధేశ్వర్ చెరువు చుట్టుపక్కల పొద్దుగాల నడవుండ్రి. మూడో, నాలుగో వారం రోజూ గంట, సుట్టి నాడు 8 కిలోమీటర్లు. అయిదో వారం సుట్టి నాడు తుల్జాపూర్ రోడ్డు మీద హిప్పర్గా చెరువు దాకా పోయి రావాలె. మీ ఇల్లు ఎక్కడున్నదో దాన్నిబట్టి పోను రాను 12 నుంచి 15 కిలోమీటర్లు అయితది. ఆరో వారం తామల్‌వాడి దాకా. అది దాదాపు సగం దారి. అక్కడినుంచి ఎస్టీ బస్సు ఎక్కి రావచ్చు, ఆడవాళ్లకు సగం టికెటే. తామల్‌వాడి చేరినంక "ఇంకా కొంచెం నడవగలుగుత" అనిపిస్తే మీరు తయారైనట్టే. కూలబడితే పున్నమి నాడు సగం దారి నడక, సగం దారి బస్సు అని ఇప్పుడే అనుకోవాలె. అందుల సిగ్గేం లేదు.

ఈ పెద్ద నడక పెత్తరమాస లోపలనే అయిపోవాలె. తర్వాత బతుకమ్మ, నవరాత్రుల ఉపాసాలు. ఉపాసం ఉండి దూరం నడవొద్దు. ఆ పదిహేను దినాలు అరగంట నడక, మంచి నిద్ర, అంతే.

నడిచేటప్పుడు పక్కనున్నోళ్లతోని మాట్లాడుతుండాలె. ఒక మాట పూర్తిగ చెప్పేటంత ఊపిరి ఉంటే నడక సరిగ్గున్నట్టు. మాట మధ్యల తెగితే జోరు తగ్గించాలె. బ్లో రూం, కార్డింగ్ ఖాతాలల్ల దూది దుమ్ము పీల్చినోళ్లు, బీపీ ఉన్నోళ్లు మొదలుపెట్టకముందే డాక్టరుకు చూపించుకోవాలె. ఛాతీ పట్టేసినా, నొప్పి దవడకు, ఎడమ చేతికి పాకినా, చల్ల చెమట పోసినా ఇంక ఒక్క అడుగు వెయ్యొద్దు. కూసోవాలె, 108కు ఫోన్ చెయ్యాలె.

ఇప్పుడు అసలు మాట. చెప్పులు లేకుంట నడుస్తమని మొక్కేటోళ్లు మనల చానా మంది. మా గల్లీల బీడీలు చుట్టే ఒక వదినె ఉన్నది. బిడ్డ కాన్పు గండం గడిచిందని అట్లనే మొక్కింది. ఆమెకు పదేండ్ల నుంచి షుగరు. అరికాళ్లు మొద్దుబారినయి, ముల్లు గుచ్చినా తెలువది. "దేవికి మాటిచ్చిన అన్నా, తప్పుత నా?" అన్నది. "కాలు తీసేస్తే వచ్చే ఏడు అమ్మ దగ్గరికి ఎట్ల పోతవు వదినె?" అని నేనన్న. రెండు దినాలు నాతోని మాట్లాడలే. మూడోనాడు ఆమె బిడ్డనే వచ్చి, "మా అమ్మ చెప్పులేసుకొనే నడుస్తదట, గుడి మెట్ల కాడ ఇడుస్తదట" అని చెప్పింది. ఆ బిడ్డ కోసమే కద మొక్కింది. ఆ బిడ్డ మాట అమ్మవారి మాటే అనుకున్నదేమో.

షుగరున్నోళ్లు రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలె. వేడినీళ్లల్ల కాళ్లు పెట్టొద్దు, మొద్దుబారిన కాలికి కాలింది తెలువది. షుగరు గోలీలు, సూదులు వాడేటోళ్లకు దూరం నడిస్తే షుగరు పడిపోవచ్చు. చేతులు వణికితే, చెమట పోస్తే, కండ్లు తిరిగితే వెంటనే ఇంత చక్కెర నోట్లె వేసుకోవాలె. జేబుల ఎప్పుడూ ఉంచుకోండ్రి. మందు ఎట్ల వేసుకోవాలెనో ముందే డాక్టరును అడగుండ్రి.

అందరికీ ఒక మాట: యాత్రకని కొత్త చెప్పులు కొనొద్దు. కొంటే ఇప్పుడే కొని ఈ రెండు నెలలు అవే తొడగాలె. బొబ్బ లేస్తే తోలు పీకొద్దు.

పున్నమి రాత్రి పోలీసులు ఆ రోడ్డు మీద బండ్లను వేరే దారికి మళ్లిస్తరు. మనం ఇప్పుడు నడిచే దినాలల్ల మళ్లియ్యరు. లారీలు జోరుగ వస్తయి. అందుకని కుడి పక్క నుంచి, ఎదురొచ్చే బండ్లు కనపడేటట్టు నడవాలె. తెల్ల బట్టలు, చేతిల బ్యాటరీ ఉండాలె. చెవుల పాటలు పెట్టుకోవద్దు. ఒక్కరే పోవద్దు, నలుగురు కలిసి పోవాలె.

భివండి, ఇచల్‌కరంజి అన్నదమ్ములు పండరికో, జోతిబాకో పోతుంటే కూడ ఇదే లెక్క: దారిల సగం ముందే నడిచి చూసుకోవాలె, చివరి రెండు వారాలు కాళ్లకు తీరిక ఇయ్యాలె.

వచ్చే నెల మూటల ఏం పెట్టుకోవాలె, దారిల ఏం తినాలె అన్నది రాస్త. అప్పటికి మీ అరగంట గంట కావాలె.