ఆ నూరేళ్ళను క్షీణయుగం అనొద్దు

డిగ్రీ తెలుగు పేపర్లు దిద్దుతుంటే ఒకే జవాబు పత్రంలో రెండు సంగతులు కనిపిస్తాయి. 'క్షీణయుగ లక్షణాలు రాయండి' అన్న ప్రశ్నకు విద్యార్థి ఇలా రాస్తాడు: 1775 నుంచి 1875 వరకు రాజాదరణ కరువైంది, ప్రబంధాలకు అనుకరణలు పెరిగాయి, శ్లేష, చిత్రకవిత్వం, శృంగారం శ్రుతి మించాయి, కొత్తదనం లేదు. రెండు పేజీల తర్వాత ప్రక్రియల ప్రశ్న వస్తుంది. తెలుగులో తొలి యాత్రాచరిత్ర ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర, 1838లో అచ్చయింది అని అదే విద్యార్థి అక్కడ రాస్తాడు. రెండు జవాబులకూ పూర్తి మార్కులు పడతాయి. 1838 ఆ నూరేళ్ళలోనే ఉందన్న సంగతి అతనికి తట్టదు. తట్టేలా మన సిలబస్ లేదు. యుగాలు ఒక యూనిట్, ప్రక్రియలు మరో యూనిట్. ఆ రెండింటినీ కలిపి అడిగే ప్రశ్న పేపర్లో ఉండదు.

కలిపి చూస్తే ఏం కనిపిస్తుందో చెప్తాను. మొట్టమొదటి స్వతంత్ర తెలుగు నాటకంగా లెక్కించే మంజరీ మధుకరీయం కోరాడ రామచంద్రశాస్త్రి 1860 ప్రాంతంలో రాసినది. సామినేని ముద్దునరసింహం నాయుడు హితసూచని 1862లో వెలువడింది. చదువు, పెళ్ళి, వైద్యం లాంటి విషయాల మీద వాడుకకు దగ్గరి భాషలో రాసిన వ్యాసాలవి. నరహరి గోపాలకృష్ణమ చెట్టి శ్రీరంగరాజ చరిత్ర 1872 నాటిది. కందుకూరి రాజశేఖర చరిత్రము కంటే ఆరేళ్ళు ముందు వచ్చిన నవల. యాత్రాచరిత్ర, నాటకం, వ్యాసం, నవల... ఈనాడు మనం ఆధునిక ప్రక్రియలని పాఠం చెప్పే నాలుగూ ఆ 'క్షీణ' కాలంలోనే కళ్ళు తెరిచాయి.

మరి ఆ పేరు ఎలా నిలిచింది? మన సాహిత్య చరిత్రకారులు చాలామందికి పద్యకావ్యమే కొలమానం. రాయల కాలపు ప్రబంధాన్ని శిఖరం మీద పెట్టుకుని, అక్కడినుంచి కిందికి చూశారు. వాళ్ళు చూసింది అబద్ధం కాదు. ఆ నూరేళ్ళలో వచ్చిన ప్రబంధాలు చాలావరకు నీరసంగానే ఉంటాయి, నేను చదివి చెప్తున్నాను. కానీ అది ఒక ప్రక్రియ సంగతి. ఒక ప్రక్రియ వడలిపోతే ఆ కాలమంతా వడలిపోయిందని తీర్పు చెప్పడం, ఆ తీర్పును పద్దెనిమిదేళ్ళ పిల్లలతో బట్టీ పట్టించడం నాకు మింగుడు పడదు.

నేను పాఠం చెప్పేది రాయలసీమలో. ఒకసారి క్లాసులో ఈ యుగం కవుల పట్టిక బోర్డు మీద రాస్తుంటే, తరిగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మా వెంగమాంబ కూడా ఇందులోకే వస్తుందా?" అంది. వస్తుంది. తరిగొండ వెంగమాంబ 1817లో పోయింది. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, యక్షగానాలు, శతకం రాసింది. తిరుమలలో ఏకాంత సేవ వేళ ఆమె పేర ముత్యాల హారతి ఈనాటికీ ఇస్తున్నారు. ఆ క్లాసులో సగం మంది ఆమె పేరున్న అన్నప్రసాద కేంద్రంలో కూర్చుని అన్నం తిన్నవాళ్ళే. రాజాస్థానం ఊసు లేని ఒక స్త్రీ ఇంత రాసిన కాలాన్ని ఏ మొహం పెట్టుకుని క్షీణం అనమంటారు? తిరువయ్యారులో త్యాగరాజు కీర్తనలు కట్టింది, నౌకాచరిత్రం రాసింది కూడా ఆ కాలంలోనే. ఆయన్ను సంగీతం వాళ్ళకు ఒప్పజెప్పి మనం చేతులు దులుపుకున్నాం.

ఆ రోజు పట్టిక ఆపి కాశీయాత్ర చరిత్ర తీశాను. వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో పరివారంతో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దారి పొడుగునా చూసినవి చూసినట్టు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపాడు. ఆయనే పుస్తకం వేయించాడు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా సాగే ఆ దారి మా పిల్లలకు తెలిసిన దారే. మజిలీ ఎక్కడ, నీళ్ళు దొరుకుతాయా, అంగళ్ళు ఉన్నాయా, బాట ఇసకా రాళ్ళా అన్నవి అతని పట్టింపులు. ప్రబంధ కవి వర్ణించే పురం ఏ ఊరికైనా సరిపోతుంది. వీరాస్వామి రాసిన ఊరు ఆ ఒక్క ఊరే. వచనం ఎందుకు కావలసి వచ్చిందో పిల్లలకు నేను విడమరిచి చెప్పాల్సిన అవసరమే రాలేదు. మామూలుగా నోరు విప్పని వెనక బెంచీల వాళ్ళు తమ ఊరి పేరు కోసం పేజీలు తిప్పారు.

యుగ విభజనే వద్దని నేను అనను. కాలం తెలియకుండా సాహిత్యం చదివితే నన్నయ పక్కన వేమన కూర్చుంటాడు. కానీ పేరు పెట్టేటప్పుడు తీర్పు కలపకూడదు. ఆరుద్ర సమగ్ర ఆంధ్ర సాహిత్యంలో కంపెనీ యుగం, జమీందారీ యుగం అన్న పేర్లున్నాయి. అవి వింటే విద్యార్థికి ప్రశ్నలు పుడతాయి. కవికి డబ్బు ఎవరిచ్చారు? అచ్చు ఎవరు వేశారు? 1829లో బ్రౌన్ వేమన పద్యాలు ఎందుకు అచ్చు వేయించాడు? 'క్షీణయుగం' అంటే మాత్రం ఇక తెలుసుకోవలసింది ఏమీ లేదనిపిస్తుంది.

సిలబస్ సవరించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలకు నా విన్నపం ఇది. పోటీ పరీక్షల పట్టికల్లో ఆ పేరు మారడానికి సమయం పట్టొచ్చు, డిగ్రీ తరగతిలో రేపే మార్చవచ్చు. కాశీయాత్ర చరిత్ర నుంచి ఒక మజిలీ, హితసూచని నుంచి ఒక వ్యాసం, వెంగమాంబ యక్షగానం నుంచి ఒక ఘట్టం, వాటి పక్కనే ఆ కాలపు ప్రబంధం నుంచి ఒక పురవర్ణన పెట్టండి. పరీక్షలో లక్షణాలు అడగడం మానేసి, ఈ నాలుగూ ఒకే నూరేళ్ళలో ఎలా వచ్చాయో రాయమనండి.