ఒకే ఆవిరితో మూడు వంటలు

మీ సైన్సు పుస్తకంలో "మిశ్రమాలను వేరుచేయడం" అనే పాఠం ఉంటుంది. వడపోత, తేర్చడం, స్వేదనం, స్ఫటికీకరణం. నాలుగు పేర్లు, నాలుగు బొమ్మలు, పరీక్షలో ఓ చిన్న ప్రశ్న. అంతటితో సరి! నా ఫిర్యాదేమిటంటే, ఆ పాఠంలో అసలు ప్రశ్న ఉండదు. వేరుచేయవచ్చు సరే, అందుకు ఎంత ఖర్చవుతుంది?

చెరకు రసాన్నే తీసుకోండి. అందులో పంచదార సుమారు 15 శాతం. మిగిలినదంతా దాదాపు నీరే. 100 కిలోల రసం చిక్కని పాకం కావాలంటే 75 కిలోల దాకా నీరు ఆవిరైపోవాలి. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కెలోరీలు చాలు. కాని ఆ మరిగే నీటిని ఆవిరిగా మార్చాలంటే మరో 540 కెలోరీలు కావాలి! అనకాపల్లి వైపు బెల్లం వండేచోట పెనం మీద తెల్లగా లేచే ఆవిరిని చూశారా? రసానికి అందిన వేడిలో చాలా భాగం అలా గాలిలో కలిసిపోతున్నదన్నమాట.

అమెరికాలోని లూసియానాలో 19వ శతాబ్దపు తొలి రోజుల్లోనూ ఇదే పద్ధతి. వరుసగా పెద్ద పెద్ద బానలు, కింద మంట. సలసల కాగే రసాన్ని పొడవాటి గరిటెలతో ఒక బానలోంచి మరో బానలోకి తోడాలి. తోడేది ఎవరు? బానిసలు. వేడి పాకం మీదపడి ఒళ్లు కాలేదీ వాళ్లకే. బండెడు కట్టెలు బూడిదయ్యేవి, పంచదార మాడి నల్లబడేది.

దీనికి మార్గం చూపినవారు నార్బర్ట్ రిల్యూ. 1806లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టారు. తండ్రి తెల్లవాడు, తల్లి ఆఫ్రికా సంతతికి చెందిన స్వతంత్ర స్త్రీ. పారిస్‌లో ఇంజనీరింగు చదివి, అక్కడే పాఠాలు కూడా చెప్పారు.

ఆయన ఆలోచన ఇది. ఆవిరి తిరిగి నీరయ్యేటప్పుడు, తాను మింగిన 540 కెలోరీలనూ వదిలేస్తుంది. మరి మొదటి పాత్రలో రసం నుంచి లేచిన ఆవిరితో రెండో పాత్రను ఎందుకు కాచకూడదు? ఇక్కడ ఒక చిక్కుంది. వేడి ఎప్పుడూ వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకే పోతుంది. 100 డిగ్రీల ఆవిరి, 100 డిగ్రీల దగ్గర మరిగే రసాన్ని ఎలా మరిగిస్తుంది? మరిగించలేదు. అయితే ఎత్తయిన కొండల మీద నీరు తక్కువ వేడికే మరుగుతుందని మీరు చదివారు కదా! గాలి పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. రిల్యూ పాత్రలను మూసివేసి, రెండోదానిలో పీడనం తగ్గించారు, మూడోదానిలో ఇంకా తగ్గించారు. ఒక కిలో ఆవిరి లోపలికి పంపితే, మూడు పాత్రల్లోనూ కలిపి మూడు కిలోలకు కాస్త తక్కువగా నీరు ఆవిరవుతుంది. తక్కువ వేడి కాబట్టి పంచదార మాడదు. 1843లో ఒకటి, 1846లో ఒకటి పేటెంట్లు పొందారు.

ఆ యంత్రం పెట్టినచోట బానిసలకు గరిటెల చాకిరీ తప్పింది. దానితో వాళ్ల కష్టాలు తీరిపోయాయని మాత్రం అనుకోకండి. లాభం తోట యజమానికే, చెరకు నరికే వెట్టి ఎప్పటిలాగే ఉంది. అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసింది 1865 నాటి రాజ్యాంగ సవరణ, యంత్రాలు కావు. రిల్యూ తెలివి కావాలి గాని, ఆయన్ను సాటి మనిషిగా చూడడానికి ఆ సమాజానికి మనసొప్పలేదు. 1850లలో ఆఫ్రికా సంతతి స్వతంత్రుల మీద ఆంక్షలు మరీ బిగుసుకున్నాయి. చివరకు ఆయన పారిస్ వెళ్లిపోయి, 1894లో అక్కడే కన్నుమూశారు.

ఆవిరి యంత్రం అనగానే జేమ్స్ వాట్ పేరు చెబుతారు మీరు. ఆవిరి చేత ఇంత పొదుపుగా పని చేయించిన రిల్యూ పేరు ఎందరు విన్నారు? పాలను చిక్కబరచడానికి, సముద్రపు నీటి నుంచి మంచినీరు తీయడానికి, కాగితపు మిల్లుల్లోని నల్లని ద్రావణాన్ని చిక్కబరచడానికి ఈనాటికీ ఇదే సూత్రం. వడపోత బొమ్మ పక్కన ఈ మూడు పాత్రల బొమ్మ కూడా వేసి, ఎన్ని కెలోరీలు మిగిలాయో లెక్క కట్టమని అడిగితే, ఆ పాఠాన్ని బట్టీ పట్టవలసిన పని ఉండేది కాదు.

ఎప్పుడైనా పంచదార ఫ్యాక్టరీ చూడడానికి వెళితే, వరుసగా నిలబడిన ఆ పొడవాటి పాత్రల దగ్గర ఆగండి. ఇప్పుడు నాలుగో అయిదో ఉంటాయి. చివరి పాత్రలో రసం ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతున్నదో అక్కడి ఇంజనీరు గారిని అడగండి. 60 డిగ్రీలకు అటూ ఇటూగా చెబుతారు.