ఫోను లాక్కుంటే సరిపోతుందా?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అలాంటి ఆటలపై ముందే నిషేధం విధించాయి. రమ్మీలో జీతమూ, దానికోసం తెచ్చిన అప్పూ పోగొట్టుకున్న ఇళ్లకు ఇది కొంత ఊరట. అయితే రీల్స్‌కూ, డబ్బుతో పనిలేని ఆటలకూ, అర్ధరాత్రి దాటినా ఆగని వీడియోలకూ ఆ నిషేధం వర్తించదు. అక్కడ కావలి కాయవలసినవారు కుటుంబమూ, సంఘమూ.

ప్రియ పాఠకులారా, ఎక్కువసేపు ఫోను చూసే ప్రతివారూ వ్యసనపరులు కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్'ను రుగ్మతగా గుర్తించింది. ఆ జాబితా 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. అందులో గంటల లెక్క లేదు. మూడు గుర్తులున్నాయి: ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా మానలేకపోవడం. సాధారణంగా ఈ స్థితి ఏడాదిపాటు ఉందా అని వైద్యులు చూస్తారు.

మరి ఎవరు త్వరగా చిక్కుకుంటారు? కుంగుబాటు, ఆందోళన ఉన్నవారు, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు, నలుగురిలో మాట్లాడడానికి జంకేవారు. రెండేళ్లు హాస్టల్లో ఇంటర్ చదివి, బీటెక్‌లో చేరగానే తొలిసారి సొంత ఫోను పట్టుకున్న కుర్రవాడు. నోటిఫికేషన్ కోసం అద్దె గదిలో ఏళ్లు గడుపుతున్న నిరుద్యోగి. పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే ఇంట్లో ఒంటరిగా మిగిలిన తల్లి. వీరికి కావలసింది తోడు. ఫోను ఆ తోడు ఇస్తానంటుంది. తర్వాత ఏ వీడియో వస్తుందో తెలియదు; ఆ ఎదురుచూపే వేలిని మళ్లీ కదిలిస్తుంది. మనం చూసే ప్రతి నిమిషమూ వారికి ఆదాయం కనుక దానిని అలాగే తయారుచేశారు.

అందుకే ఫోను లాక్కుని బీరువాలో దాచినా, అందరి ఎదుట పేరుపెట్టి ప్రార్థన చేయించినా లోపలి దిగులు అలాగే ఉంటుంది. సిగ్గుపడినవాడు మరింత చాటుకు పోతాడు. గద్దించేముందు "రాత్రి నిద్ర పడుతోందా? మనసులో మాట ఎవరితో చెప్పుకుంటున్నావు?" అని అడగండి. రాత్రి భోజనం దగ్గర ఫోనులు పక్కన పెట్టాలనుకుంటే, మొదట తండ్రి ఫోను అక్కడికి చేరాలి.

సంఘ పెద్దలకు ఒక మనవి. 2020 లాక్‌డౌన్ నాటినుంచి ఆరాధనలు, ప్రార్థన కూటాలు చాలాచోట్ల ఫోనులోకి వచ్చాయి. మంచాన ఉన్నవారికి అది గొప్ప మేలు. కానీ లైవ్‌లో చూస్తున్నాడు కదా అని, వారాల తరబడి మందిరానికి రాని యౌవనస్థుని ఇంటికి మనం వెళ్లకపోతే, అతనిని ఆ తెరకే అప్పగించినట్టు.

వైద్య సహాయం కూడా ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి దీనికోసమే 'షట్' క్లినిక్ నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ 14416కు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరానికి డాక్టరు దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కానట్టే, ఇదీ అవిశ్వాసం కాదు.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, వెనుక వరుసలో తలవంచి ఫోను చూసుకుంటున్న పిల్లవానిని పేరుపెట్టి పిలవండి. పక్కన కాసేపు కూర్చోండి.