ట్రాక్టరు మారినను పేరు మారలేదు

మన రైతులు పాత ట్రాక్టరును సంతలో ఎడ్లజతను కొన్నట్లే కొనుచున్నారు. సొమ్ము చెల్లించి, తెల్లకాగితముపై వ్రాలు చేయించుకొని, బండి తోలుకొని పోవుదురు. సీ బుక్కులో మాత్రము పాతవాని పేరే నిలిచియుండును. "బావగారియొద్ద కొన్న బండికి కాగితములేల?" అని మాతో వాదించినవారును గలరు. చుట్టరికము ప్రమాదము జరుగువరకే!

ఒక కారు పలువురి చేతులు మారినను పేరు మార్పు కానందున, ప్రమాద పరిహారమునకు సీ బుక్కులోని యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. కావున ఈ విషయమున కొన్నవానికంటె అమ్మినవాడే ఎక్కువ తొందరపడవలెనని మా యభిప్రాయము.

1988 మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము, రాష్ట్రములోనే అమ్మకమైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. ఇందులకు 29, 30 ఫారములు గలవు. అప్పుపై కొన్న బండియైనచో, బాకీ తీరినదని అప్పిచ్చినవారు వ్రాలుచేసిన 35వ ఫారము కూడ చేతికి వచ్చువరకు పూర్తి సొమ్ము ఈయరాదు. ఇన్సూరెన్సు పేరు మార్పునకు 14 దినములే గడువు.

బేరమాడుటకు ముందే ఛాసిస్‌పై మట్టి తుడిచి, అందలి నంబరును సీ బుక్కుతో సరిచూచుకొనుడు.