మన వేలితో మన కన్నే పొడుచుకుంటున్నామా?

గల్ఫ్‌లో మన కష్టాలకు ఏజెంటు, కఫీల్, కంపెనీ కారణమని చెప్పుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ కొన్ని గోతులు మనమే తవ్వుకుంటున్నాం.

యూఏఈ ప్రభుత్వం 2024 సెప్టెంబర్ 1 నుంచి ఆమ్నెస్టీ ఇచ్చింది. జరిమానా కట్టక్కర్లేదు, మళ్లీ రావడానికి నిషేధమూ లేదు. అక్టోబర్ 31తో ముగియాల్సిన గడువును డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అయినా 'వచ్చే నెల చూద్దాంలే' అన్నవాళ్లు మనలో లేరా?

ఇది బద్ధకం కాదు, సిగ్గు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు జీతం పెంచి చెబుతాం. ఆ మాట నిలబెట్టుకోవడానికి వడ్డీకి అప్పు తెస్తాం. అప్పు తీర్చడానికి, నాలుగు దిర్హమ్‌లు ఎక్కువొస్తాయని వీసా ఇచ్చిన కంపెనీని వదిలేసి బయట పనికి పోతాం. ఖల్లివల్లి అయ్యాక జబ్బు చేస్తే ఆస్పత్రికి పోవాలన్నా భయం, ఉత్త చేతులతో ఊరికి పోవాలన్నా నామోషీ. దారి తెరిచినా కాలు కదలదు.

ఈ ముడి మొదటి కొస నుంచే విప్పాలి. అసలు జీతమెంతో, అప్పెంతో ఇంట్లో చెప్పేద్దాం. నాలుగు రోజులు బాధపడినా, తర్వాత ఖర్చు వాళ్లే తగ్గించుకుంటారు. అకామా, పాస్‌పోర్టు గడువు తేదీలు రూమ్ గోడ మీద రాసుకుందాం. ఈసీఆర్ పాస్‌పోర్టుపై వచ్చినవాళ్లం ప్రవాసీ భారతీయ బీమాను రెన్యూవల్ చేయించుకుందాం. రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు.

ఉత్త చేతులతోనైనా సరే, ఇల్లు చేరిన మనిషి మళ్లీ సంపాదించుకోగలడు.